ప్రమాదాలు లేని షెడ్డు

జనవరి 6

ఈ డైరీ నిషిత ఇచ్చింది. ఏదో మందుల కంపెనీ డాక్టర్లకు పంచిన సరుకు. ప్రతి పేజీ అడుగున కీళ్లనొప్పుల మాత్ర బొమ్మ ఉంది. "రాసుకోండి సార్, మనసు తేలికైతది" అంది. మనసు తేలిక చేసుకోవడానికి నేను రాయడం లేదు. ఎవరు ఏమన్నారో గుర్తుండాలని రాస్తున్నాను. నేను మరిచిపోవడం వల్ల ఈ పటాన్‌చెరులో చాలామంది లాభపడ్డారు.

పొద్దున యాదన్న వచ్చాడు. మా సంఘం షెడ్డు ఉన్న స్థలం ఆయనది. ఇన్నాళ్లూ పేరుకు మాత్రమే కిరాయి తీసుకున్నాడు, ఆ మాట ఒప్పుకోవాలి. ఇప్పుడు గోదాం కట్టేవాళ్లు అడుగుతున్నారట.

"ఉగాది దాక ఉండుండ్రి సార్. దాని తర్వాత నా చేతుల లేదు. ఇంట్ల ఊకుంటలేరు."

"ఈ మాట నర్సింగ్‌తో చెప్పావా? అధ్యక్షుడు ఆయన."

"ఆయన మొకం చూస్తె చెప్పబుద్ధి కాలే సార్. అందుకే మీ దగ్గరికి వచ్చిన."

నా మొహం చూస్తే ఎవరికైనా ఏదైనా చెప్పబుద్ధవుతుంది. నేను పాఠాలు చెప్పిన బడిలో హెడ్మాస్టరు కూడా చెడ్డ వార్తలన్నీ నాకే చెప్పి పంపేవాడు. ఆయన పోయి చాలా ఏళ్లయింది. చెడ్డ వార్తలు ఆగలేదు.

సామ్రాజ్యాలు కూలిన కథలు జీవితమంతా చదివాను. ఒక రేకుల షెడ్డు ఎలా కూలుతుందో ఏ చరిత్రకారుడూ రాయలేదు.

జనవరి 9

నిషితతో మాట్లాడాను. ఆమె మా ఫిజియోథెరపిస్టు. జీతం ఇవ్వగలిగిన నెల ఇస్తాం, లేని నెల లేదు. అయినా వస్తుంది. ఇలాంటివాళ్లను నేను మొదట అనుమానిస్తాను. ఈమెను వచ్చిన రోజు నుంచీ అనుమానిస్తూనే ఉన్నాను, ఇంకా ఏమీ బయటపడలేదు.

"గ్రాంటుకు అప్లై చేద్దాం సార్. హైదరాబాద్‌ల ఒక ఫౌండేషన్ ఉన్నది. వస్తే కొత్త జాగా చూసుకోవచ్చు. మెషీన్లు గూడ తీసుకోవచ్చు."

"చేతులు చాపడం నాకు రాదు."

"చేతులు చాపుడు కాదు సార్. ఫారం నింపుడు."

మొదట 'మేము ఎవరం' అని ఒక పేజీ కావాలట. తెలుగులో నేను రాస్తే ఇంగ్లీషులోకి ఆమె మారుస్తుంది. ఇలా రాశాను: 'పటాన్‌చెరు, కాజీపల్లి, గుమ్మడిదల ప్రాంతాల ఫ్యాక్టరీలలో పనిచేస్తూ చేతులు, కాళ్లు పోగొట్టుకున్నవారికీ, నడుములు విరిగినవారికీ వ్యాయామ చికిత్స చేయించే సంఘం మాది. పేరు క్షతగాత్ర కార్మిక సహాయ సంఘం.'

పేరు నేను పెట్టిందే. ఎవరూ వాడరు. 'షెడ్డు' అంటారు. రాజశేఖర్ మాకు అధ్యక్షుడిగా ఉన్నప్పుడు నిండు సభలో అన్నాడు: "సార్, ఈ పేరు పూర్తిగ పలికేసరికి ఇంకో యాక్సిడెంట్ అయితది." అందరూ నవ్వారు. శివమ్మ అయితే కుర్చీ మీంచి పడబోయింది. ఆ తర్వాత రాజశేఖర్ మమ్మల్ని వదిలేసి కొల్లూరులో, రింగు రోడ్డు పక్కన, అద్దాల గదిలో సొంత ఫౌండేషన్ పెట్టుకున్నాడు. కుండీల్లో మొక్కలు, గోడమీద వాళ్ల ఆశయం. గ్రాంట్లు వచ్చిపడుతున్నాయట. నాకు అతని మీద ఏమీ లేదు.

జనవరి 15

ఫారానికి జతచేయాల్సిన సంఘం నియమావళి, బైలా, దొరికింది. ఆడిట్ కాగితాలు దొరికాయి. ఒకదాని మీద ఎవరో టీ గ్లాసు పెట్టారు. సంఘం రిజిస్ట్రేషన్ రెన్యువల్ చేయించడం ఇన్నేళ్లూ ఎవరి పని అని నిషిత అడిగింది. కార్యదర్శి పని అన్నాను. కార్యదర్శిని నేనే. సంగారెడ్డి వెళ్లి కట్టాల్సిన రుసుం కట్టి వచ్చాం. బస్సులో ఆమె ఒక్క మాట అనలేదు. అంటే బాగుండేది.

జనవరి 22

దరఖాస్తులో 'సమస్య తీవ్రత' అనే భాగం నిన్న పూర్తిచేశాను. చాలాకాలం తర్వాత బాగా రాశాననిపించింది. షెడ్డులో అందరినీ కూర్చోబెట్టి చదివాను. 'యంత్రాల కోరల్లో చితికిన బతుకులు, సమాజం వెలివేసిన అభాగ్యులు, చీకటి తప్ప మరేమీ మిగలని కుటుంబాలు...'

చదివి కాగితం దించాను. అప్పుడు శివమ్మ అడిగింది:

"గీ అభాగ్యులు ఎవరు సారూ? మనోళ్లేనా, జహీరాబాద్ దిక్కోళ్లా?"

నవ్వులు. శివమ్మ కాజీపల్లిలో రసాయనాల డ్రమ్ములు కడిగేది. యాసిడ్ పడి మోచేతి దాకా చర్మం ముడుచుకుపోయింది. నోటికి మాత్రం ఏమీ కాలేదు.

నర్సింగ్ నవ్వలేదు. "సార్, గింత ఘోరంగ ఎందుకు? మనం మంచిగనే ఉన్నం గద."

"మంచిగా ఉన్నవాళ్లకు ఎవడూ డబ్బులివ్వడు నర్సింగ్."

"గట్లనా" అన్నాడు. ఆలోచించాడు. "కంపెనీలైతె ఉల్టా ఉండె సార్. మంచిగున్నది అంటెనే ఆర్డర్లు వస్తుండె."

ఆ మాట నేను పట్టించుకోలేదు. వాక్యాలకు మెచ్చుకోలు రాలేదని మనసు అటే ఉంది.

ఫిబ్రవరి 3

పంపించాం. నిషిత మీట నొక్కింది. అంతే.

ఫిబ్రవరి 5

మోకాలు.

ఫిబ్రవరి 14

ఈ రోజు మొగులయ్య నిలబడ్డాడు.

గుమ్మడిదల మనిషి. కంపెనీలో ట్యాంకు కడుగుతూ నిచ్చెన మీంచి పడ్డాడు, నడుము పోయింది. మొదటిసారి తెచ్చినప్పుడు ఆటోలోంచి మంచం దించినట్టు దించారు. ఇవాళ రెండు పైపుల మధ్య నిలబడ్డాడు. ఆ పైపులు మావాళ్లే వెల్డింగ్ చేసుకున్నవి. అయితే మొగులయ్య పైపుల్ని నమ్మడు, నర్సింగ్‌ను నమ్ముతాడు. నర్సింగ్‌కు పవర్ ప్రెస్సు కింద కుడిచేతి వేళ్లు పోయాయి, బొటనవేలు మిగిలింది. ఆ బొటనవేలిని మొగులయ్య నడుం బెల్టులోకి కొక్కెంలా దూర్చి, అరచేతిని వీపుకు ఆనించి పట్టుకుంటాడు. అలా నిషిత కూడా పట్టలేదట. "ఆ పట్టు నాకు రాదు సార్" అంది.

మొగులయ్య భార్య మల్లమ్మ గోడవైపు తిరిగి కొంగుతో మొహం తుడుచుకుంది. "షెడ్డు బందైతె మల్ల మంచమే గద సార్" అంది నాతో. సంతోషంలో కూడా మనిషికి ఈ మాటే వస్తుంది.

షెడ్డులోకి వచ్చాకే నర్సింగ్ ఆ చేతికి చుట్టుకున్న రుమాలు విప్పుతాడు. బయట విప్పడు, ఇంట్లో కూడా విప్పడట. కూతురు రవళికి అది జరిగినప్పుడు ఊహ తెలియదు. ఇప్పుడు ఆ అమ్మాయి ఒక మందుల కంపెనీ ల్యాబులో ఉద్యోగం చేస్తోంది. ఇప్పటిదాకా తండ్రి చెయ్యి చూడలేదట. శివమ్మ చెప్పింది.

ఫిబ్రవరి 20

ఫౌండేషన్ నుంచి తనుశ్రీ అనే ఆవిడ ఫోన్ చేసింది. దరఖాస్తు నచ్చిందట. 27న షెడ్డు చూడ్డానికి వస్తారట. అంతవరకు బాగానే ఉంది. చివర్లో అంది: "రాజశేఖర్ గారు మీ గురించి చాలా గొప్పగా చెప్పారండీ. ఆయన చెప్పకపోతే ఇంత చిన్న సంస్థను మేము చూసేవాళ్లం కాదు."

నిషితను అడిగాను. తనే వెళ్లి రాజశేఖర్‌ను అడిగిందట.

"నన్ను ఒక మాట అడగవా?"

"అడిగితే వద్దంటరు గద సార్."

"వద్దనే అంటాను!"

"అందుకే అడగలే."

వాడి దయ మీద బతకాలా? వాడి సిఫారసు మీద మొగులయ్య నిలబడాలా? ఈ మాటలు గట్టిగానే అన్నాను. మొగులయ్య పైపుల మధ్యనే ఉన్నాడు, విన్నాడు. కూర్చోబెట్టమన్నాడు.

ఫిబ్రవరి 21

నర్సింగ్‌కు విషయం చెప్పాను. "పెద్దవాళ్లు చూడ్డానికి వస్తున్నారు. షెడ్డు చూసేటట్టు ఉండాలి."

"అది మాకు ఇడిసిపెట్టుండ్రి సార్. పెద్దసార్లు వచ్చే ముందల ఏం చెయ్యాల్నో మాకు మంచిగ ఎర్క. ఉద్యోగం చేసినన్ని రోజులు గదే చేసినం."

"సరే, మీ ఇష్టం" అని ఇంటికి వచ్చేశాను. జ్వరంగా ఉంది.

ఫిబ్రవరి 22

జ్వరం.

ఫిబ్రవరి 23

జ్వరం. థర్మామీటరుకు అందని రకం.

ఫిబ్రవరి 25

నిషిత ఫోన్. ఎత్తలేదు. కాగితాల పనిమీద ఈ వారం హైదరాబాదులోనే ఉంటానని, 27న వాళ్ల కారులోనే వస్తానని మెసేజ్ పెట్టింది. తెల్ల చొక్కా ఇస్త్రీకి ఇచ్చాను. పోదామని కాదు, మాసింది కాబట్టి.

ఫిబ్రవరి 27

వెళ్లాను. వాళ్లకంటే కాస్త ముందే చేరాను.

షెడ్డును గుర్తుపట్టలేదు. నేల కడిగి, పరికరాల చుట్టూ పసుపురంగు గీతలు కొట్టారు. గోడకు ఎర్ర బకెట్లు వేలాడదీసి ఇసుక నింపారు. గుమ్మం మీద 'సేఫ్టీ ఫస్ట్' అన్న రేకు బోర్డు, ఏ కంపెనీ గేటు నుంచి ఊడబెరికారో. దాని కింద తెల్లరంగుతో, తెలుగులో: 'ఈ షెడ్డులో ఇంతవరకు ఒక్క ప్రమాదం జరగలేదు.'

లోపల అందరూ వరసగా నిలబడ్డారు. తలలకు హెల్మెట్లు, చేతులకు గ్లౌజులు. ఒక్క కర్ర లేదు. చక్రాల కుర్చీ లేదు. సరిగా నిలబడలేనివాళ్లను గోడకు ఆనించి, ముందు బాగున్నవాళ్లను నిలబెట్టారు. నర్సింగ్ కుడిచేతికి అయిదు వేళ్లున్నాయి. దగ్గరికి వెళ్లి చూస్తే తెలిసింది, గ్లౌజు వేళ్లలో పత్తి కుక్కారు.

"మొగులయ్య ఏడి?"

"ఫికర్ చెయ్యకుండ్రి సార్. యెనుక యాదన్న కొట్టంల పండవెట్టినం. పైన తాడిపత్రి పట్టా కప్పినం. మల్లమ్మ పక్కపొంటి కూసున్నది. ఎవ్వరికి కనబడడు."

కష్టమైన పని చక్కగా చేసినవాడి గొంతు అది. అప్పుడే కారు ఆగింది.

తనుశ్రీ, ఆమె వెంట కళ్లద్దాల ఆయన ఒకడు, వాళ్ల వెనక నిషిత. గుమ్మం దగ్గర రవళి పూలు ఇచ్చి, ఇంగ్లీషులో స్వాగతం చెప్పింది. ఇందుకోసం సెలవు పెట్టి వచ్చిందట. నిషిత లోపలికి ఒక్కసారి చూసి, నా వైపు చూసింది. నాకేం తెలుసు? నాకు జ్వరం.

తనుశ్రీ శివమ్మ ముందు ఆగింది. "మీరు ఇక్కడ ఏం చేస్తారమ్మా?"

"డ్యూటీ చేస్తం మేడం."

"ఏమైనా ఇబ్బందులున్నాయా?"

"ఏం లేవు మేడం. అంతా మంచిగున్నది. గ్లౌజులిస్తరు, మంచినీళ్లిస్తరు, టయానికి ఇడుస్తరు."

"మరి... దెబ్బలు తగిలినవాళ్లు?"

వరసంతా ఒక్క గొంతుతో, "ఎవ్వరు లేరు మేడం!" బిహార్ నుంచి వచ్చినాయన ఒకడు కొంచెం ఆలస్యంగా, "కోయీ నహీ మేడం" అన్నాడు. అతనికి ఎడమకాలు మోకాలి దాకానే ఉంది. కట్టుడు కాలికి కొత్త బూటు తొడిగి ప్యాంటు కిందికి వదిలారు.

కళ్లద్దాల ఆయన నిషితను మెల్లగా ఇంగ్లీషులో అడిగాడు, ఇది ట్రైనింగ్ సెంటరా, మనం సరైన చోటికే వచ్చామా అని. నిషిత ఏదో చెప్పబోయింది. తనుశ్రీ ఫైలు మూసింది. "చాలా శుభ్రంగా నడుపుతున్నారు. కానీ మా నిధులు అవసరం ఎక్కువ ఉన్నవాళ్లకు..." అంటూ కారు వైపు చూసింది.

అప్పుడు నేను నర్సింగ్ చెయ్యి చూపించాను. వాళ్లకు అర్థమైంది. కొట్టంలో మొగులయ్యను కూడా చూశారు. తనుశ్రీ కళ్లు తుడుచుకుంది. ఫోటోలు తీసుకున్నారు.

మొత్తానికి బాగానే జరిగింది.

ఫిబ్రవరి 28

బాగానే జరిగింది. చేజారిపోయిన పరిస్థితిని అంత త్వరగా దారిలో పెట్టడం రాజశేఖర్ వల్ల అయ్యేది కాదు.

మార్చి 1

షెడ్డుకు వెళ్లాను. పసుపు గీతలు అలాగే ఉన్నాయి. నర్సింగ్ రాలేదు. మొగులయ్య పైపుల పక్కన కుర్చీలో కూర్చుని ఉన్నాడు. "ఇయ్యాల వద్దులే మేడం" అంటున్నాడు నిషితతో. నిషిత నాతో మాట్లాడలేదు.

మార్చి 3

నర్సింగ్ రాలేదు.

మార్చి 4

రాలేదు. మొగులయ్య కూడా రాలేదు. ఆటో ఖర్చు ఊరికే ఎందుకని మల్లమ్మ ఫోన్‌లో అందట.

మార్చి 5

మధ్యాహ్నం శివమ్మ ఇంటికి వచ్చింది. ఎప్పుడూ రాలేదు. గుమ్మంలోనే నిలబడి గోడల నిండా పుస్తకాలు చూసింది.

"ఇవన్ని సదివినవా సారూ?"

"చాలావరకు."

"మస్తు ఓపిక." లోపలికి వచ్చి కూర్చుంది. నీళ్లిస్తే తాగలేదు. "నర్సింగన్న ఫోన్ ఎత్తుతలేడు. రవళి రెండొద్దులు డ్యూటీకి పోలే."

"మీరు చేసిన పని ఏం పని శివమ్మా? గాయాలకు చికిత్స చేసే చోట గాయపడ్డవాళ్లను దాస్తారా? నేను చక్కదిద్దకపోతే ఏమయ్యేది?"

"నువ్వు చెప్పలే గద. పెద్దసార్లు చూస్తానికి వస్తున్నరంటివి, జరమని ఇంట్ల పంటివి. మాకెర్కున్నది మేం చేసినం. కంపెనీల తనిఖీకి వచ్చిన దినం దెబ్బ తాకినోడు కనబడ్డడనుకో, యూనిట్ బందువెడ్తరు. అందరి నౌకర్లు పోతయి. గందుకే యెనుక రూముల కూసోవెట్టి తాళం ఏస్తుండ్రి. నన్ను గట్ల రెండుసార్లు ఏసిండ్రు. గీ షెడ్డు గూడ బందువెడ్తరని భయపడ్డం. మొగులయ్యనే అన్నడు, నన్ను దాచుండ్రి, నా కోసం షెడ్డు పోవద్దని."

నీళ్ల గ్లాసు ఆమె వైపు జరిపాను.

"చెయ్యే చూపియ్యాల్నంటె నన్నడగకపోతివి?" అని చీర కొంగు తీసి ముడతలు పడ్డ చెయ్యి నా ముందు పెట్టింది. "నేను చూపిస్తుంటి. బరాబర్ చూపిస్తుంటి. నాకేం సిగ్గు? గంత మందిల ఆయననే దొరికిండా నీకు?"

లేచి వెళ్లిపోయింది. నీళ్లు అలాగే ఉన్నాయి.

మార్చి 6

27వ తేదీ కింద 'చూపించాను' అని రాశాను. మాటలు నాకు తెలిసినంతగా ఈ చుట్టుపక్కల ఎవరికీ తెలియవు. అది సరైన మాట కాదు.

"నర్సింగ్, గ్లౌజు తియ్" అన్నాను. అతను వచ్చినవాళ్లను చూసి నవ్వాడు. "ఏం లేదు సార్" అన్నాడు. మళ్లీ అన్నాను. చెయ్యి వెనక్కి పెట్టుకున్నాడు. నేను మణికట్టు పట్టుకున్నాను. అతను ఒక్క తోపు తోస్తే నేను పడిపోయేవాణ్ణి. తొయ్యలేదు. పెద్దవాళ్లు చూస్తున్నారు కదా. గ్లౌజు లాగాను. పత్తి కింద పడింది. సంతలో కోడిని ఎత్తి చూపినట్టు ఆ చేతిని పైకెత్తాను. అటూ ఇటూ తిప్పాను కూడా. "చూడండి, చూడండి" అన్నాను. కళ్లద్దాల ఆయన ఫోన్ తీశాడు. ఫోటో సరిగా వచ్చేదాకా నేను వదల్లేదు.

రవళి మజ్జిగ గ్లాసుల పళ్లెంతో అక్కడే ఉంది. పళ్లెం పడిపోలేదు. అలాంటివి కథల్లో పడతాయి. జాగ్రత్తగా బల్లమీద పెట్టి బయటికి వెళ్లింది.

కొట్టంలో తాడిపత్రి కూడా నేనే తీశాను. మొగులయ్య కళ్లు గట్టిగా మూసుకుని పడుకుని ఉన్నాడు. కళ్లు మూసుకుంటే తను కనబడడని అనుకున్నాడేమో.

షెడ్డు కోసం చేశాను, మొగులయ్య కోసం చేశాను అని ఈ వారమంతా అనుకున్నాను. ఆ చెయ్యి పైకెత్తినప్పుడు నా తలలో షెడ్డు లేదు, మొగులయ్య లేడు. రాజశేఖర్ ఉన్నాడు. వీడి సిఫారసు వల్ల వచ్చింది కాదు, నా వల్ల వచ్చింది అనిపించుకోవాలి. అంతే ఉంది.

మార్చి 12

గ్రాంటు వచ్చింది. కొత్త చోటు కిరాయి, పరికరాలు, నిషిత జీతం, అన్నింటికీ. యాదన్న చెప్పిన గడువు ఇంకా దాటలేదు. ఒప్పందం మీద అధ్యక్షుడి సంతకం కావాలి. వాళ్ల వార్షిక పుస్తకంలో ఆ చెయ్యి ఫోటో వేసుకోవడానికి అతని ఒప్పుకోలు కూడా కావాలి.

"నేను పోయి అడగను సార్" అంది నిషిత. దాదాపు రెండు వారాల తర్వాత నాతో అన్న మొదటి మాట. "మీరే పట్టుకున్నరు. మీరే అడగండి."

ఎవరూ అభినందించలేదు. రాజశేఖర్ ఫోన్ చేశాడు. ఎత్తాను. "సార్, కంగ్రాట్స్. మీ కష్టం ఊకె పోలే" అన్నాడు. మామూలుగానే, మంచిగానే అన్నాడు. ఇన్నేళ్లుగా ఈ ఫోన్ కోసం ఎదురుచూశానని ఆ తర్వాత తెలిసింది. ఏమీ అనిపించలేదు. ఆకలి చచ్చాక వడ్డించినట్టు ఉంది.

మార్చి 14

పోలేదు. ఎండ.

మార్చి 15

పోలేదు.

మార్చి 16, ఆదివారం

కాజీపల్లి వెళ్లాను. కార్మికులకు వరసగా కట్టిన గదుల్లో నర్సింగ్‌ది చివరిది. తలుపు రవళి తీసింది. నన్ను చూసి పక్కకు తప్పుకుంది. రమ్మనలేదు, పొమ్మనలేదు. "నాయినా, సార్ వచ్చిండు" అంది లోపలికి.

నర్సింగ్ చాప మీద కూర్చుని చిక్కుడుకాయలు తుంచుతున్నాడు, ఎడమచేత్తో, కుడిచేతి బొటనవేలుతో. రుమాలు లేదు. నన్ను చూడగానే కుడిచెయ్యి చాప కిందికి పోయింది. తర్వాత నిదానంగా మళ్లీ పైకి తీశాడు.

"కూసోండ్రి సార్."

కూర్చున్నాను. ఎంతసేపని కూర్చుంటాం? కాగితాలు తీసి ముందు పెట్టాను. విషయం చెప్పాను. పొరపాటు జరిగిందన్నాను. ఆ మాట సరిపోదని తెలుస్తూనే ఉంది. దారి పొడుగునా నాలుగైదు రకాలుగా చెప్పుకుంటూ వచ్చాను, నోటికి అదొక్కటే వచ్చింది.

"పైసలు వచ్చినయా?" అన్నాడు.

"వచ్చాయి. నీ సంతకం అయితే."

"యాడ పెట్టాలె?"

చూపించాను. ఎడమచేత్తో మెల్లగా పెట్టాడు. ఫోటో కాగితం తీసుకుని రవళికి ఇచ్చాడు. ఆమె చదివి తెలుగులో చెప్పింది.

"ఫోటో ఏసుకోమనుండ్రి. పేరు ఎయ్యొద్దు. ఎవలదైతేంది, చెయ్యే గద." దానిమీద కూడా పెట్టాడు. "మొగులయ్య వస్తుండా?"

"నువ్వు లేవని రావడం లేదు."

"రేపటి సంది నేనొస్త. మల్లమ్మకు ఫోన్ చేసి చెప్త." చిక్కుడుకాయల గిన్నె పక్కకు జరిపాడు. "ఒక్క మాట సార్. మీరు ఇగ షెడ్డుకు రాకుండ్రి."

రవళి గుమ్మం దగ్గర నిలబడి బయటికి చూస్తోంది.

"కోపంతోని అంటలేను" అన్నాడు. "కోపముండె, పోయింది. బిడ్డ చూసింది, ఆ దినం ఏడ్చింది, ఇప్పుడు అన్నం తినేటప్పుడు గూడ చూస్తది, ఏం అంటలేదు. అది వేరే. కాని మిమ్ములను చూస్తె నా చెయ్యి తనంతట తానే దాసుకుంటది సార్. ఇప్పుడు మీరు చూసిండ్రు గద, చాప కిందికి పోయింది. షెడ్డుల మీరుంటె అది జేబులనే ఉంటది. చెయ్యి జేబుల పెట్టుకొని మొగులయ్యను ఎట్ల వట్టుకుంట?"

సంతకాలు పెట్టిన కాగితాలు మడిచాను.

"కార్యదర్శి లేకపోతే ఎలా?" అన్నాను. నాకే వినబడకుండా అన్నాను.

"శివమ్మ చేస్తది. సంతకం నేర్సుకున్నది. రాసుడు నిషిత మేడం చూస్తది." గిన్నె మళ్లీ దగ్గరికి లాక్కుని, "మీరు చేసిందంత లేదని అంటలేను సార్. పేరు పెట్టింది మీరే" అన్నాడు.

రవళి టీ తెచ్చింది. తాగాను. చక్కెర ఎక్కువైంది. తాగాను.

మార్చి 18

నిన్నటి నుంచి రాజీనామా రాస్తున్నాను. ఇన్నేళ్లలో చాలామంది రాజీనామాలు నేనే రాసిపెట్టాను. అన్నీ 'అనారోగ్య కారణాల వల్ల' అనే మొదలవుతాయి. ఇదీ అలాగే మొదలైంది. నాకు అనారోగ్యం ఏమీ లేదు. కొట్టేశాను. 'అధ్యక్షుడు కోరినందువల్ల' అని రాసి సంతకం పెట్టాను.

నిషిత వచ్చి తీసుకుంది. నిలబడే చదివింది. మడిచి సంచిలో పెట్టుకుంది.

"మొగులయ్య వచ్చాడా?"

"వచ్చిండు సార్. నిన్న, ఇయ్యాల."

"నిలబడ్డాడా?"

"నర్సింగన్న పట్టుకున్నడు" అంది.